జవాను ఇంటికి దుప్పటి ఒక్కటే చాలదు



సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే మీకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. కాలువకు నీళ్లు వదిలారని పేపర్లో పడుతుంది. పై తూముల కింద నాట్లు కూడా అయిపోతాయి. చివరి భూముల రైతు మాత్రం పార భుజాన వేసుకుని గట్టు మీద కూర్చుంటాడు. డ్యాములో నీళ్లు ఉంటాయి. వచ్చే దారిలోనే ఎక్కడో పూడిక ఉంటుంది, ఎక్కడో ఎవరో అడ్డం వేసి ఉంటారు, తూము ఎత్తే మనిషి ఉండడు. ఒకప్పుడు లష్కర్ అని ఒక మనిషి కాలువ గట్టు మీద నడిచేవాడు. ఎక్కడ ఆగిందో చూసి నీళ్లు కదిలించేవాడు. ఇప్పుడు చాలా చోట్ల ఆ మనిషి కనిపించడు.

లష్కర్ అంటే ఉర్దూలో ఫౌజు. ఈ వారం నేను రాస్తున్నది ఫౌజు నుంచి ఇంటికి వచ్చిన వాళ్ల గురించి, వాళ్ల పక్కిళ్లలోనే బతికే తండాల, వాడల పేదల గురించి. వాళ్లకు సాయం చేస్తామని జీపులో దిగే స్వచ్ఛంద సంస్థల గురించి కూడా. వ్యవసాయం పేజీలో ఫౌజీ సంగతేందని అనుకోవద్దు. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఫౌజుకు పోయే పిలగాడు ఎవరి కొడుకు? రెండెకరాల రైతు కొడుకే. ముప్పై ఐదు, నలభై ఏళ్లకు పెట్టె పట్టుకుని తిరిగొచ్చేది కూడా ఆ రెండెకరాల మీదికే. అన్నదమ్ములు పంచుకుంటే అదీ ఎకరమే.

సూర్యాపేట చూసిన రోజులు

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన వాళ్లు 20 మంది ప్రాణాలు వదిలారు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. పట్టణ శివారులోని కేసారంలో అంత్యక్రియలు జరిగాయి. ఆ రోజు సూర్యాపేటలో కన్నీళ్లు పెట్టని ఇల్లు లేదు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 మంది జవాన్ల కుటుంబాలకు పది లక్షల చొప్పున ప్రకటించింది. 2021లో ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర వచ్చింది. అదే ఏడాది జూన్ 15న సూర్యాపేటలో విగ్రహం నిలబెట్టారు.

చేయవలసిన పనే చేశారు. ఎంత చేసినా ఆ తల్లికి కొడుకు తిరిగి రాడు. నా మాట దాని గురించి కాదు. దేశమంతా టీవీలో చూసిన చావు ఒకటి ఉంటుంది. ఎవరూ చూడని చావు ఇంకొకటి ఉంటుంది. పదిహేడేళ్లు సరిహద్దుల్లో కాపలా కాసి వచ్చి, పొలంలో మోటారు వేయబోయి షాకు కొట్టి పోయిన నాయక్ ఉంటాడు. గుండె ఆగిపోయిన హవల్దార్ ఉంటాడు. అతని ఇంటికి మంత్రి రాడు. రావలసిన పని కూడా లేదు. కానీ అతని భార్యకు రావలసిన కాగితం మాత్రం రావాలి కదా!

తండాలో ఒక తల్లి

మిర్యాలగూడ డివిజన్‌లో ఒక తండా. ఊరి పేరు, ఆమె పేరు రాయను, ఆమె వద్దన్నది. పత్తి పంట మీద రాయడానికి పోయిన నేను చాయ్ తాగుదామని ఆ ఇంట్లో కూర్చున్నాను. గోడకు ఒక పాత ఫోటో, తలమీద ఫౌజు టోపీ. ఆమె భర్త 1971 యుద్ధం నాడు ఫౌజులో ఉన్నాడు. పెన్షన్ వచ్చేంత సర్వీసు నిండకముందే, మనుషుల్ని తగ్గించినప్పుడు ఇంటికి పంపారు. వచ్చి మూడెకరాల చెలక దున్నుకున్నాడు. పోయి పన్నెండేళ్లయింది.

జెండా పండుగలకు ఏదో ఒక సంఘం వాళ్లు ఆమెను పిలుస్తారు. వేదిక మీద కుర్చీ వేస్తారు, శాలువా కప్పుతారు, దుప్పటి ఇస్తారు, ఫోటో తీస్తారు. జీపు ఎక్కించి తండా మూలమలుపు దగ్గర దింపిపోతారు. ఆమె నాతో అన్న మాట ఇది: "దుప్పట్లు నాలుగున్నయి కొడుకా. ఆయన కాగితం ఒక్కటి సూసిపెట్టేటోడు లేడు."

ఇనుప పెట్టెలో బట్టల కింద నుంచి ఆమె తీసి చూపించిన కాగితం ఆయన డిశ్చార్జి బుక్కు. అంచులు చెదలు తిన్నాయి. అందులో ఆమె పేరు ఒక తీరుగా ఉంది, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉంది, బ్యాంకు పుస్తకంలో మరో తీరుగా ఉంది. ముగ్గురు మనుషులు అయిపోయింది పాపం, ఒక్కతే మనిషి! పెన్షన్ లేని మాజీ సైనికుల భార్యలకు నెలనెలా లెక్కన సాయం ఉంటుందని ఆమెకు అప్పటిదాకా చెప్పిన వాడు లేడు. శాలువా కప్పిన వాళ్లు కూడా చెప్పలేదు. వాళ్లకు తెలిస్తే కదా!

కోదాడ వైపు ఒక రిటైర్డ్ హవల్దార్ ఉన్నాడు. ఆయనకు సంగతి చెప్పాను. మోటారు సైకిల్ మీద వచ్చాడు, కాగితాలన్నీ నేల మీద పరిచాడు. నోటరీ దగ్గర పేరు అఫిడవిట్ చేయించాడు. నల్లగొండకు రెండు సార్లు, తహసీలు ఆఫీసుకు మూడు సార్లు తిరిగాడు. ఏడు నెలలు పట్టింది. చివరికి మంజూరైంది. ఆయన ఫోటో ఏ పేపర్లోనూ పడలేదు. నేను అడిగితే, "ఫోటో ఎందుకన్నా, ఇంకో నాలుగు కేసులున్నయి, వాటికి జిరాక్సులకు పైసలు చూడు" అన్నాడు.

అసలైన సాయం అంటే నా లెక్కలో ఇదే. ఆయనే ఆ కాలువకు లష్కర్.

ఏమేం ఉన్నాయో చూడండి

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు" అంటారు. మన దగ్గర పూజారి దాకా పోయే వాళ్లే తక్కువ. అందుకని ముందు ఏమేం ఉన్నాయో రాస్తున్నాను. మీ ఊళ్లో మాజీ సైనికుడు గానీ, అతని భార్య గానీ ఉంటే ఈ భాగం చదివి వినిపించండి.

ఢిల్లీలో కేంద్రీయ సైనిక్ బోర్డు అని ఉంది. దాని సాయం పెంచుతూ 2025 అక్టోబరులో రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడాది నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు కొత్త రేట్లు. పెన్షన్ రాని, 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకు, వాళ్ల భార్యలకు నెలకు 4 వేలు ఉన్నది 8 వేలు అయింది. పిల్లల చదువుకు, ఇద్దరు పిల్లల దాకా, ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు ఒక్కొక్కరికి నెలకు వెయ్యి ఉన్నది 2 వేలు అయింది. ఆడపిల్ల పెళ్లికి, ఇద్దరు కూతుళ్ల దాకా, 50 వేలు ఉన్నది లక్ష అయింది. భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే కూడా ఆ లక్ష వర్తిస్తుంది. ఇవన్నీ హవల్దార్, ఆ లోపు హోదాల వారి కుటుంబాలకు. అంటే మన పల్లెల నుంచి పోయిన వాళ్లలో ఎక్కువ మందికి.

పెన్షన్ వచ్చే వాళ్లకు వైద్యం కోసం 2003 ఏప్రిల్ నుంచి ఈసీహెచ్ఎస్ పథకం ఉంది. ఒకే హోదా, ఒకే పెన్షన్ 2014 జూలై 1 నుంచి లెక్కకు వచ్చింది. ఇప్పుడు పెన్షన్లు స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారాయి. ఏడాదికోసారి బతికున్నట్టు రుజువు ఇవ్వాలి. వేలిముద్ర అరిగిపోయిన ముసలమ్మ మీసేవకు పోయి "పడతలేదు" అని తిరిగొస్తే ఆ పెన్షన్ ఆగుతుంది. ఆగిన సంగతి ఆమెకు మూడు నెలలకు గానీ తెలియదు.

దరఖాస్తు బోర్డు వెబ్‌సైటులో పెట్టాలి. దాన్ని చూసి పైకి పంపేది సైనిక సంక్షేమ కార్యాలయం. మనకు అది నల్లగొండలో ఉంది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట వేరే జిల్లా అయింది, కోదాడ అటు పోయింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. కోదాడ అవతలి ఊరి మనిషికి నల్లగొండ పోయి రావాలంటే కూలి పోతుంది, బస్సు కిరాయి పోతుంది. "రేపు రా" అంటే రెండు రోజులు పోతాయి. ఇదీ మన కాలువలో పూడిక.

ఇంకొక మాట. ఈ సాయం ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు. ఏటా డిసెంబరు 7న బడిలో మీ పిల్లలు చిన్న జెండా ఒకటి కొని చొక్కాకు పెట్టుకుని వస్తారు చూడండి, సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి నడుస్తోంది. ఆ పైసలు చేరే నిధి నుంచే ఈ సాయం వస్తుంది. అంటే కూలి చేసి మీరిచ్చిన రూపాయి కూడా అందులో ఉంది. మీ రూపాయి మీ ఊరి తల్లికి చేరిందా లేదా అని అడిగే హక్కు మీకుంది.

"ఫౌజీకి పెన్షన్ ఉంది కదా!"

ఈ మాట రచ్చకట్ట మీద నేను చాలా సార్లు విన్నాను. "ఆయనకు నెల తిరిగితే పెన్షన్ పడుతది, క్యాంటీన్ల సామాను దొరుకుతది. మాకేమున్నది?" అని కౌలు రైతు అడుగుతాడు. అతని కోపంలో అబద్ధం లేదు. కౌలు రైతు చచ్చిపోతే 2018లో వచ్చిన రైతు బీమా 5 లక్షలు కూడా రావు, అది పట్టాదారుకే. కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. ఎంతమంది చేతిలో కార్డు ఉందో మీ ఊళ్లో మీరే లెక్క పెట్టండి.

అందుకే నేననేది, ఫౌజీ భార్యకు ఒక బల్ల, కౌలు రైతు భార్యకు ఇంకో బల్ల వద్దు. ఒకటే బల్ల ఉండాలి. ఇద్దరికీ కావలసింది ఒకటే: కాగితం చదివే మనిషి, పేరు సరిచేయించే మనిషి, ఆఫీసుకు తోడు వచ్చే మనిషి. డిశ్చార్జి బుక్కు చదవడం నేర్చిన పిలగాడికి పాసుపుస్తకం చదవడం కష్టం కాదు. తండాలో కుల సర్టిఫికెట్ దొరకని పిల్ల, వికలాంగుడి పెన్షన్ ఆగిన ఇల్లు, పీఎం కిసాన్ పైసలు తిరిగి కట్టమని నోటీసు వచ్చిన మాజీ సైనికుడు, అందరూ ఆ బల్ల ముందు కూర్చోవాలి. (నెలకు 10 వేలు, ఆపైన పెన్షన్ వచ్చే వాళ్లకు పీఎం కిసాన్ వర్తించదు. తెలియక తీసుకున్న మాజీ సైనికులు ఇది గుర్తుపెట్టుకోండి.)

పోచంపల్లి నేర్పిన పాఠం

దానం గొప్పదే. కానీ దానం తర్వాత పని ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, దేశమంతా పాకింది. ఆ మాటకు ఈనాటికీ చేతులెత్తి మొక్కాలి.

తర్వాత ఏమైంది? లక్షల ఎకరాల దానం కాగితాల మీదికి వచ్చింది. ఏ సర్వే నంబరు, ఎక్కడ హద్దు, ఎవరి పేరున పట్టా అన్న పని మాత్రం అన్ని చోట్లా దానమంత వేగంగా నడవలేదు. భూదాన భూముల తగాదాలు ఇన్నేళ్ల తర్వాత కూడా కోర్టుల్లో నలుగుతున్నాయి. ఇచ్చిన చేతులు మంచివి, పుచ్చుకున్న చేతులు పేదవి. నడుమ కాగితం పట్టుకుని ఏళ్లకేళ్లు తిరిగే మనిషి లేని చోటనే అంతా చెడింది.

2024 సెప్టెంబరు మొదట్లో వానలకు నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది, కోదాడలో ఇళ్లు మునిగాయి. అప్పుడు కూడా అన్నం పొట్లాలు, దుప్పట్లు వచ్చాయి. ఆకలి నాడు అన్నం పెట్టిన వాళ్లను తక్కువ చేయను. అయితే వారం దాటాక పొలంలో మేట వేసిన ఇసుక ఎవరు తీస్తారు, నష్టం జాబితాలో పేరు లేని వాడి గోడు ఎవరు రాస్తారు అంటే వెతుక్కోవాల్సి వచ్చింది.

నిలబడి పని చేసిన వాళ్లూ ఉన్నారు

అన్ని సంస్థలనూ ఒకే గాటన కట్టకూడదు. పాత మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దళిత మహిళలను సంఘాలుగా కూర్చింది. పడావు పడ్డ చెలకలను సాగులోకి తెచ్చారు. జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలు ఇంట్లోనే దాచుకున్నారు, ఊరి ధాన్యం బ్యాంకులు పెట్టుకున్నారు. 2008లో మాచునూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. ఆ మహిళల పనికి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ సంస్థ ఆఫీసు ఉంది, అయినా నిర్ణయం సంఘం మహిళల చేతిలో ఉంది. అందుకే ఇన్నేళ్లు నిలబడింది. మన దగ్గర కూడా దేవరకొండ వైపు చందంపేట తండాల్లో ఆడపిల్లల కోసం గ్రామ్య అనే సంస్థ ఏళ్ల తరబడి పని చేసింది. ఆడపిల్ల పుడితే భారమని అనుకునే చోట ఒక రోజు సభతో ఏమీ మారదు. పిల్ల బడికి పోయేదాకా వెంట ఉండాలి.

మాజీ సైనికుల విషయంలో కూడా ఇదే కొలత పెట్టండి. "ఎన్ని దుప్పట్లు పంచారు" అని అడగకండి. "ఎన్ని ఆగిన పెన్షన్లు కదిలించారు" అని అడగండి.

సంస్థ వస్తే ఐదు మాటలు అడగండి

మీ ఊరికి ఏదైనా సంఘం వచ్చి సేవ చేస్తామంటే సంతోషంగా కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి. తర్వాత ఈ ఐదు మాటలు అడగండి.

ఒకటి, రిజిస్ట్రేషన్ ఉందా? మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే సంఘం రిజిస్టరు అవుతుంది. నంబరు చెప్పమనండి.

రెండు, ఏటా సర్వసభ్య సమావేశం పెడతారా? ఆడిట్ లెక్క చూపిస్తారా? లెక్క అడిగితే కోపం వచ్చే సంఘం లెక్క ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా!

మూడు, సభ్యత్వ రుసుం, ఫారం ఖర్చు అని మా దగ్గర పైసలు తీసుకుంటారా? తీసుకుంటే రసీదు ఇస్తారా? పథకం ఇప్పిస్తామని వేలు అడిగితే వెంటనే లేచి రండి. సైనిక్ బోర్డు సాయానికి దళారీ అక్కర్లేదు.

నాలుగు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో సగటున 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. మాజీ సైనికులు, యుద్ధంలో చనిపోయిన వారి భార్యల సంక్షేమం ఆ చట్టం జాబితాలోనే ఉంది. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఉంది. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము మన చేల మీద పడుతుంది. ఆ నిధుల్లో మన మండలానికి ఏమొచ్చిందో గ్రామసభలో అడగడం తప్పు కాదు.

ఐదు, మీరు వెళ్లిపోయాక ఈ పని ఎవరు చేస్తారు? దీనికి జవాబు లేని సంస్థ పెట్టిన మొక్కకు రెండో ఏడు నీళ్లుండవు.

రేపు తిరిగొచ్చే పిలగాళ్లు

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి ఇంకో కారణం ఉంది. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. నాలుగేళ్ల సర్వీసు. నూటికి 25 మందిని దాకా ఉంచుకుంటారు, మిగతా వాళ్లు ఇంటికి వస్తారు. మొదటి జట్టుకు నాలుగేళ్లు నిండేది 2026 చివర, 2027 మొదట్లో. సేవానిధి కింద సుమారు 11 లక్షల 71 వేలు చేతికి వస్తాయి. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా పథకంలో లేదు. కేంద్ర పోలీసు బలగాల్లో కోటా ప్రకటించారు. అయినా అందరికీ అక్కడ కొలువు దొరుకుతుందన్న భరోసా లేదు.

ఇరవై రెండేళ్ల పిలగాడి చేతికి ఒక్కసారే పదకొండు లక్షలు వచ్చిన సంగతి ఊళ్లో ముందు ఎవరికి తెలుస్తుంది? కోత మిషన్ ఏజెంటుకు, చిట్టీల వాళ్లకు, ప్లాట్లు అమ్మేవాడికి. నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండిపోతే ఆ నాలుగేళ్ల చెమట మన్నులో కలిసిపోతుంది. వీళ్లకు శాలువాలు కప్పే సంఘాలు చాలా వస్తాయి. "బాబూ, ముందు బ్యాంకులో వేసుకో, పరీక్షకు చదువుకో, బోరు వేసే ముందు నీళ్లు చూపించుకో" అని పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. ఆ పని చేయగలిగేది ఆ దారిలో నడిచి వచ్చిన పెద్ద ఫౌజీలే.

భూమి కొనే రైతుకూ ఒక హెచ్చరిక. మాజీ సైనికులకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి పదేళ్ల తర్వాత అమ్ముకోవడానికి 1993 నుంచి వీలుంది. కానీ కలెక్టరు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం రావాలి. మిగతా అసైన్డ్ భూములు అమ్మడం, కొనడం 1977 చట్టం కింద కుదరదు. "ఫౌజీ భూమే, ఏం కాదు" అని తెల్ల కాగితం మీద రాసిస్తే కొనకండి. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో తహసీలులో చూసుకోండి. అమ్మిన జవాను కుటుంబమూ, కొన్న చిన్న రైతూ ఇద్దరూ మునుగుతారు. దళారీ ఒక్కడే తేలుతాడు.

మనం చేయగలిగింది

పెద్ద భవనం అక్కర్లేదు. 2020 నుంచి రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. మీ క్లస్టరులో ఒకటి ఉంటుంది. చాలా చోట్ల మీటింగు లేని రోజు తాళం వేసే ఉంటుంది. నెలకు ఒక రోజు ఆ తాళం తీయించండి. ఊళ్లో రిటైర్డ్ ఫౌజీ ఒకరు, డిగ్రీ చదివిన పిల్ల ఒకరు, మహిళా సంఘం లీడరు ఒకరు కూర్చోండి. ఒక నోట్ పుస్తకం తీసుకోండి. ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో తేదీ వేసి రాయండి. వచ్చే నెల అదే పుస్తకం తెరిచి, కదిలిందా లేదా చూడండి. సాయం చేస్తామని ఏ సంస్థ వచ్చినా ఆ పుస్తకం ముందు పెట్టి, "ఇవిగో మా కేసులు, వీటిలో పది తీసుకోండి" అనండి. సర్వీసులో ఉన్న జవాన్లకు కూడా ఫోన్ చేసి చెప్పండి. పెళ్లి, పిల్లల పుట్టుక యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్‌లో రాయించారా, భార్య పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా అని. ఈ రోజు అరగంట పని. రేపు అతని భార్యకు ఏడు నెలల తిరుగుడు తప్పుతుంది.

మొన్న మళ్లీ ఆ తండాకు పోయాను. ఆ తల్లి వాకిట్లో పక్కింటి కౌలు రైతు భార్య కూర్చుని ఉంది. ఆమె చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు. "ఆ హవల్దార్ సారు మల్లొస్తడా కొడుకా? ఈమెయి గూడ సూడాలె" అని అడిగింది ఆ ముసలమ్మ. వస్తాడని చెప్పాను.

కానీ ఒక్క హవల్దార్ ఎన్ని తండాలు తిరుగుతాడు? మీ ఊరికి లష్కర్ ఎవరో మీరే తేల్చుకోండి. ఈ డిసెంబరు 7 దాకా కూడా ఆగకండి.